అప్‌డేట్: ఇంటి వర్క్‌షాప్‌కు మొదటి మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని చెక్కే యంత్రం) తీసుకున్నాను

గుండ్రటి కాలమ్ (నిలువు స్తంభం) ఉన్న పెద్ద మిల్-డ్రిల్ (మిల్లింగ్, డ్రిల్లింగ్ రెండూ చేసే మెషిన్) తీసుకోవాలా, డవ్‌టెయిల్ కాలమ్ (హెడ్ పక్కకు తిరగకుండా నేరుగా జారే గాడి ఉన్న స్తంభం) ఉన్న చిన్న మెషిన్ తీసుకోవాలా అని నేను అడిగిన ప్రశ్నకు ఓపికగా సమాధానాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. సింగిల్ ఫేజ్ కరెంటుతో నడిచే, ఆర్8 రకం స్పిండిల్ (కట్టర్‌ను పట్టి తిప్పే ఇరుసు), బెల్ట్ డ్రైవ్ ఉన్న డవ్‌టెయిల్ మెషిన్‌నే ఎంచుకున్నాను.

నా నిర్ణయానికి అసలు కారణం హెడ్ (స్పిండిల్ ఉండే పై భాగం) కదలిక. గుండ్రటి కాలమ్ మీద క్లాంపు వదులు చేసి హెడ్‌ను పైకెత్తినప్పుడు అది పక్కకు కూడా తిరుగుతుంది కనుక, ఎండ్ మిల్ (మిల్లింగ్ కట్టర్) తీసి పొడవైన డ్రిల్ చక్ బిగించేసరికి ఎడ్జ్ ఫైండర్‌తో (పని ముక్క అంచును గుర్తించే సాధనం) పట్టుకున్న సున్నా స్థానం చెదిరిపోతుంది. నేను చేయదలచిన చిన్న ఆవిరి ఇంజిన్ సిలిండర్లకు మిల్లింగ్, డ్రిల్లింగ్, రీమింగ్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు నునుపు చేయడం) ఒకే బిగింపులో జరగాలి. అందుకోసం టేబుల్ చిన్నదైనా సరేననుకున్నాను.

మెషిన్ బిగించగానే, హెడ్ టేబుల్‌కు నిటారుగా ఉందో లేదో చూడడానికి స్పిండిల్‌కు డయల్ ఇండికేటర్ (సూక్ష్మ తేడాలు చూపే కొలత పరికరం) తగిలించి టేబుల్ మీద తిప్పి చూస్తే, కుడి ఎడమల మధ్య తేడా స్పష్టంగా కనిపించింది. హెడ్ బోల్టులు కొద్దిగా వదులు చేసి, నైలాన్ సుత్తితో మెల్లగా తట్టుతూ, ఆ తేడాను 0.02 మి.మీ.కు తగ్గించగలిగాను. టేబుల్‌ను జరిపే స్క్రూలో బ్యాక్‌లాష్ (దిశ మార్చినప్పుడు కనిపించే వదులు) ఉంది. ప్రతి కొలతనూ ఒకే దిశ నుంచి చేరుకుంటే అది ఇబ్బంది పెట్టడం లేదు.

వైస్ (పని ముక్కను పట్టే బిగింపు), కాలెట్లు (కట్టర్‌ను స్పిండిల్‌లో పట్టి ఉంచేవి), కట్టర్లు, క్లాంపింగ్ కిట్ కోసం డబ్బు ముందే విడిగా ఉంచమన్న సలహా ఎంతో విలువైనది. కొత్తగా కొనేవారు దాన్ని తప్పక పాటించాలి.