మా యాసలో రాసిన కథని మామూలు భాషలోకి మార్చమంటున్నారు, మార్చాలా?

పిక్కలమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గ, అంటే పలాస పక్కనే. ఈ ఏడాదే బీఎస్సీ అయింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. రచయితని అవుదామని ఉంది. ఈ మాట బయట ఎవరితోనూ అనలేదు. ఇక్కడ నా పేరు ఎవరికీ తెలీదు కాబట్టి ధైర్యంగా అనేస్తున్నా.

మా అమ్మ పదిహేనేళ్ళుగా జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతోంది, అంటే జీడిగింజలు పగలగొట్టి పప్పు తీస్తుంది. పిక్క పగిలినప్పుడు పెంకులోంచి జీడి అనే నూనె చిమ్ముతుంది. అది తగిలిన చోట చర్మం కాలి పొర లేచిపోతుంది, మరక మాత్రం ఉండిపోతుంది. అమ్మ బొటనవేలు, చూపుడువేలు నల్లగా ఉండటమే నాకు తెలుసు. రేషన్ కోసం వేలిముద్ర వెయ్యమంటే మిషన్ ఒకసారికి తీసుకోదు. చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ వేస్తుంది, మళ్ళీ తుడుచుకుంటుంది. వెనక లైన్లో వాళ్ళు విసుక్కుంటారు.

ఈ పిక్కల చుట్టూ పన్నెండు కథలు రాయాలని నా ప్లాన్. పేర్లు కూడా పెట్టేశాను: గుండు, బద్ద, ముక్క, పొట్టు... ఒకదాని పేరు 'మూడొందల ఇరవై'. అది ఒక గ్రేడు. పౌనుకి 300 నుంచి 320 గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగే రకం. పుస్తకానికి అట్ట ఫోన్‌లో చేసేసుకున్నా. (నవ్వకండి.) సాహిత్య అకాడమీ యువ పురస్కారం 35 ఏళ్ళ లోపు వాళ్ళకి ఇస్తారు కదా, నాకిప్పుడు 22, ఇంకా 13 ఏళ్ళు టైముందని లెక్క కూడా వేసుకున్నా. రాసింది మాత్రం ఒకటిన్నర కథ.

ఆ ఒక్క కథ ఇలా ఉంటుంది. తిత్లీ తుఫాను వచ్చిన 2018లోనే అక్కకి సంబంధం వస్తుంది. పెళ్ళివారు వైజాగ్ నుంచి వస్తారు. అమ్మ వేయించిన జీడిపప్పు ప్లేటు పట్టుకొస్తే పెళ్ళికొడుకు తల్లి అమ్మ వేళ్ళకేసి చూస్తుంది. అప్పుడు అమ్మ, "సేతులు సూడకండి బావూ, పప్పు సూడండి" అంటుంది. కథంతా ఈ మాట కోసమే రాశాను.

ఒక వారపత్రికకి పంపితే అక్కడి సబ్ ఎడిటర్ గారు ఫోన్ చేశారు. కథ బావుందన్నారు. సంభాషణలు అన్ని జిల్లాల వాళ్ళకీ అర్థమయ్యేలా మార్చి పంపితే వేస్తామన్నారు. మార్చి చూశాను. "చేతులు చూడకండి బాబూ, పప్పు చూడండి." చదువుకుంటే ఎవరో టీచరమ్మ అన్నట్టుంది. మార్చకపోతే ఫస్ట్ కథ పోతుంది. రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

ఇంకో సంగతి. ఇంటి నుంచే ఒక యూట్యూబ్ ఛానెల్‌కి రాశిఫలాలు రాస్తున్నా, నెలకి తొమ్మిది వేలు. పోయిన వారం మీనరాశికి ఆకస్మిక ధనలాభం అని రాసిందాన్ని నేనే, నాదీ మీనమే, వాళ్ళు ఇవ్వాల్సిన డబ్బులు మాత్రం ఇంకా పడలేదు. అది మానేసి ఒక ఏడాది కూర్చుని పన్నెండూ పూర్తి చేసేద్దామా అని ఆలోచన. పెద్దవాళ్ళు చెప్పండి.

పాతగుమాస్తా:

అమ్మాయ్, మాది విజయనగరం. రిటైరైనవాణ్ణి. నలభై ఏళ్ళలో అచ్చయినవి పాతిక కథలు, అందులో నాకు నచ్చేవి నాలుగు. నా మొదటి కథ 1979లో అయిదుసార్లు తిరిగొచ్చింది. అప్పట్లో కథతో పాటు మన అడ్రసు రాసి, స్టాంపులంటించిన కవరు కూడా పెట్టాలి. మన చేతిరాతతోనే మన కథ మన ఇంటికి తిరిగొస్తుంది. పోస్టుమాన్ దూరం నుంచే "వచ్చేసిందండీ" అనేవాడు. నీకు ఫోన్ చేసి మరీ చెప్పారంటే సంతోషించు.

యాస మార్చకు. ఆ పత్రిక కాకపోతే ఇంకోటి. 1998 నుంచి నడుస్తున్న ఈమాట లాంటి వెబ్ పత్రికలున్నాయి, ఆదివారం అనుబంధాలున్నాయి. కాకపోతే ఒకే కథని ఒకేసారి ఇద్దరికి పంపకు. వీళ్ళకి వద్దని చెప్పాకే అటు పంపు.

కానీ ఒక అనుమానం. యాస అంటే కనపడ్డ ప్రతి 'చ'నీ 'స' చెయ్యడం కాదమ్మా. మన వాళ్ళు ఇంట్లో ఒకలా మాట్లాడతారు, కొత్తవాళ్ళ ముందు సర్దుకుని ఇంకోలా మాట్లాడతారు. బ్యాంకు కౌంటర్ దగ్గర ఇది ముప్పై ఏళ్ళు విన్నాను. గట్టిగా మొదలెట్టినవాళ్ళు మేనేజరు రాగానే "చెప్పండి సార్" అనేవారు. మరి పెళ్ళివారి ముందు మీ అమ్మగారు ఎలా మాట్లాడారు? అసలు ఆ మాట అన్నారా, నువ్వు అల్లావా? అల్లితే తప్పని కాదు. అడిగి తెలుసుకో.

రాశిఫలాలు మానకు. తొమ్మిది వేలు తొమ్మిది వేలే.

ఒకసారి శ్రీకాకుళం వెళ్ళు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం, నీకు గంట పైచిలుకు దూరం. పలాసలో రైలెక్కి శ్రీకాకుళం రోడ్‌లో దిగితే, అంటే ఆమదాలవలసలో, అక్కణ్ణుంచి బస్సు. పాత పత్రికలు తిరగేసి మన వైపు వాళ్ళు సంభాషణలు ఎలా రాశారో చూడు. వాళ్ళ వెబ్‌సైట్‌లో కూడా వేల కథలు స్కాన్ చేసి పెట్టారు, కానీ కాగితం వాసన వేరు.

బెజవాడడీటీపీ:

నేను రాసేవాణ్ణి కాదు, పేజీలు కట్టేవాణ్ణి. చాలా కథల్లో యాస పోయేది ఎడిటర్ దగ్గర కాదండీ, ప్రూఫు దగ్గర. ప్రూఫ్ రీడర్‌కి 'సూడకండి' అచ్చుతప్పులా కనిపిస్తుంది, దిద్దేస్తాడు. ఆయన ఉద్యోగం అది. కథ పైన ఒక్క లైను రాయండి: "సంభాషణల్లో యాస కావాలనే రాశాను, దిద్దవద్దు." మేం ఆ లైను చూస్తాం.

యూనికోడ్‌లో టైపు చేసి వర్డ్ ఫైలే పంపండి. పీడీఎఫ్, ఫోటోలు వద్దు. మేం దాన్ని మళ్ళీ పేజీలు కట్టడానికి వాడే అను ఫాంట్‌లోకి మార్చుకుంటాం. అక్కడ కొన్ని వత్తులు ఎగిరిపోతాయి కాబట్టి అచ్చుకి ముందు ఒకసారి చూపించమని అడగండి. కొందరు చూపిస్తారు.

అట్ట చేసేశానన్నారు కాబట్టి ఇంకో మాట. డబ్బులు కడితే పుస్తకం వేస్తామని ఫోన్లొస్తాయి. తొందరపడకండి. 500 కాపీలు వేయించుకుని, మూడేళ్ళ తర్వాత "మీ షాపులో కాస్త చోటుందా" అని నన్నడిగిన కవి ఒకాయన ఉన్నారు. పెట్టెలు ఇప్పటికీ నా కట్టింగ్ మిషన్ పక్కనే ఉన్నాయి.

ఉద్దానం_కుర్రోడు:

మాది వజ్రపుకొత్తూరు వైపు. తుఫానుకి మా నాన్న జీడి చెట్లన్నీ పోయాయి, అందుకని ఒకటి అడుగుతున్నా. నీ కథలో చెట్లు కూలాయి కాబట్టి ఫ్యాక్టరీకి పిక్క లేక పని ఆగిపోయినట్టు రాశావా? చాలామంది అలాగే అనుకుంటారు. ఇక్కడి ఫ్యాక్టరీలకి బయటి పిక్క కూడా వస్తుంది, ఆఫ్రికా నుంచి కూడా. తోట ఉన్నవాడు మునిగాడు, పిక్క కొట్టేవాళ్ళకి పని ఉండొచ్చు. మీ అమ్మకి ఆ నెలలో పని ఉందో లేదో అడుగు.

ఇంకోటి, మా అమ్మమ్మ పిక్క కొట్టేముందు చేతులకి ఆముదం రాసి బూడిద అద్దుకునేది. జీడి తగలకుండా. అది కథలో ఉందా?

పిక్కలమ్మాయి:

అందరికీ థాంక్స్. బూడిద లేదు. పెట్టాలి. పని ఆగిపోయినట్టే రాశాను, అది తప్పే. అమ్మని అడిగితే కరెంటు లేక కొన్నాళ్ళు ఆగిందట, కరెంటొచ్చాక మళ్ళీ వెళ్ళిందట.

నిన్న రాత్రి అన్నాలయ్యాక కథంతా అమ్మకి చదివి వినిపించాను. అమ్మకి చదువు రాదు. వెల్లుల్లి ఒలుస్తూ వింది. పెళ్ళివారు వచ్చిన చోట చెయ్యి ఆగింది. నేను ఆ మాట చదివాను.

"నానలాగన్నేదే" అంది.

మరేమన్నావు అని అడిగాను.

"ఏటీ అన్నేదు. పలేటు మీ అక్క సేతికిచ్చీసి, నాను సేతులు కొంగులోన ఎట్టీసుకున్నాను. ఆలు ఎల్లీవరకూ తియ్యనేదు. కాపీ సల్లారిపోనాది."

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. గడప దగ్గర నిలబడి ఉన్నాను. కాఫీ సంగతి నాకు గుర్తు లేదు.

రాత్రి ఆ మాట కొట్టేశాను. దానికోసం కట్టిన పేజీన్నర కూడా పోయింది. ఇప్పుడు ఆ సీన్లో అమ్మకి మాటే లేదు కాబట్టి సబ్ ఎడిటర్ గారు మార్చమన్న వాటిలో పెద్దది లేనట్టే. మిగతావి అలాగే ఉంచి, బెజవాడ గారు చెప్పిన లైను పైన రాసి, పాత దాని బదులు ఇది చూడండని ఆయనకే పంపుతున్నా. వద్దంటే వేరే చోటికి.

గుమాస్తా గారూ, శనివారం శ్రీకాకుళం వెళ్దామనుకుంటున్నా. ముందు ఫోన్ చేసి వెళ్ళాలా, నేరుగా వెళ్ళిపోవచ్చా? ఆదివారం అయితే పన్నెండు రాశులూ అప్పగించాలి, కుదరదు.