అప్‌డేట్: 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో స్పానిష్ మాటలకు సబ్‌టైటిల్స్ ఎందుకు రావట్లేదంటే

పోయిన వారం ఇక్కడే అడిగాను: స్పీల్‌బర్గ్ తీసిన 2021 సినిమాలో సబ్‌టైటిల్స్ ఆన్ చేసినా స్పానిష్ మాటలకు ఇంగ్లిష్ అర్థం రావట్లేదు, ఏం చేయాలని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

తేలిందేంటంటే, సమస్య యాప్‌లో లేదు, టీవీలో లేదు. అది దర్శకుడు కావాలని చేసిన పని. ఇంగ్లిష్ అనువాదం వేస్తే స్పానిష్‌ని ఒక మెట్టు కిందకి దించినట్టవుతుందని స్పీల్‌బర్గే ఇంటర్వ్యూల్లో చెప్పారట. అది చెప్పినవారి మాటే కరెక్ట్. యాప్ తీసేసి మళ్లీ వేయడం, భాష సెట్టింగ్ మార్చడం అన్నీ వేస్ట్ (రెండు గంటలు పోయాయి, పాస్‌వర్డ్ కూడా మర్చిపోయాను).

"అర్థం కాకపోయినా వదిలేసి చూడు" అన్న సలహా పనిచేసింది. మొదట్లో జెట్స్ అనే తెల్లవాళ్ల గ్యాంగ్ కుర్రాళ్లు రంగు డబ్బాలు ఎత్తుకొచ్చి గోడ మీది ప్యూర్టో రికో జెండాను పాడు చేస్తారు. కొట్లాట అయ్యాక షార్క్స్ (స్పానిష్ మాట్లాడే ప్యూర్టో రికో దీవి నుంచి వచ్చినవాళ్ల గ్యాంగ్) పోలీసుల ముందే స్పానిష్‌లో తమ గీతం పాడుకుంటూ వెళ్లిపోతారు. ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఆ కోపం అర్థమైంది. షార్క్స్ నాయకుడి ప్రియురాలు అనీటా మాటిమాటికీ ఇంగ్లిష్‌లో మాట్లాడమని ఇంట్లోవాళ్లను ఎందుకు సతాయిస్తుందో కూడా అప్పుడే వెలిగింది.

1961 నాటి సినిమా చూడమన్నవాళ్లకు: చూశాను. అందులో డైలాగులు దాదాపు అన్నీ ఇంగ్లిషే, ఈ ఇబ్బంది లేదు. కాకపోతే అప్పట్లో అనీటాగా వేసిన రీటా మొరేనో కొత్తదాంట్లో కొట్టు నడిపే పెద్దావిడగా కనిపించేసరికి భలే అనిపించింది.