ఎలిజబెత్ క్యాట్లెట్ ఏ దేశపు కళాకారిణి?

చర్చ మొదలుపెట్టినవారు:
శిల్పాలు, అచ్చు బొమ్మలు (ప్రింట్లు) చేసిన క్యాట్లెట్ పేరు ఎక్కడ కనిపించినా ఆఫ్రికన్ అమెరికన్ కళ అనే అధ్యాయంలోనే ఉంటోంది. 1915లో వాషింగ్టన్‌లో పుట్టిన మాట నిజమే. కానీ 1946లో మెక్సికో వెళ్లి, అక్కడి చిత్రకారుడు ఫ్రాన్సిస్కో మోరాను పెళ్లి చేసుకుని, ముగ్గురు కొడుకుల్ని పెంచింది. 1962లో మెక్సికో పౌరురాలైంది. 2012లో కన్నుమూసింది కూడా అక్కడి కుయెర్నవాకాలోనే. ముందు మెక్సికన్ అనాలని నా వాదన. మీరేమంటారు?

మొదటి జవాబు:
ఒప్పుకోలేనండీ. ఊరు కాదు, బొమ్మ చూడండి. 1946-47లో చేసిన 15 లినోకట్ల (లినోలియం అనే మెత్తటి పలక చెక్కి అచ్చువేసే బొమ్మలు) వరుస మొత్తం నల్లజాతి స్త్రీల గురించే. బానిసత్వం మీద పోరాడిన హ్యారియెట్ టబ్‌మన్, సోజర్నర్ ట్రూత్, పొలంలో, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. 1952 నాటి ‘షేర్‌క్రాపర్’లో ఉన్నది పంటలో వాటా ఇచ్చి ఎవరి భూమినో సాగుచేసే అమెరికా దక్షిణాది ముసలమ్మ. బానిసలుగా బతికిన తాత అమ్మమ్మల కథలు వింటూ పెరిగిన మనిషి గీసిన బొమ్మ అది. మెక్సికో అందులో ఎక్కడుంది?

రెండో జవాబు:
ఎక్కడుందో చెప్తాను. అదే ‘షేర్‌క్రాపర్’ని దగ్గరగా చూడండి. వెడల్పాటి గడ్డి టోపీ, బొత్తాం లేక పిన్నీసు పెట్టుకున్న కోటు, పక్కకు తిరిగిన చూపు. మనం కింద నిలబడి ఆమెను పైకి చూస్తున్నట్టు ఉంటుంది. ముఖం మీద ఉలి గీతలు టోపీ అల్లిక వైపే సాగుతాయి. గీత గీతకీ ఆ ముఖం గట్టిపడుతుంది. ఈ చెక్కుడు ఆమె మెక్సికో నగరంలోని ‘టాయెర్ డె గ్రాఫికా పాపులర్’ అనే ప్రజా ముద్రణశాలలో పట్టుకున్నది. లియోపోల్డో మెండెజ్, పాబ్లో ఓ’హిగ్గిన్స్, లూయిస్ అరెనాల్ 1937లో పెట్టిన చోటు అది. అక్కడ లినోలియం వాడటానికి కారణం ఉంది. చౌక, మెత్తన, ఒక్క పలక చెక్కితే ఎన్నో కాపీలు తీయొచ్చు. సంఘాల పోస్టర్లు, కరపత్రాలు, చదువు నేర్పే ప్రచారాల బొమ్మలు అక్కడి నుంచే వెళ్లేవి. ఎవరు ఏం చేసినా అందరూ కూర్చుని చర్చించేవాళ్లు. విషయం అమెరికాదే, కాదనను. ఆ విషయాన్ని ఇంత సూటిగా, ఇంత మందికి చేరేలా చెప్పే పద్ధతి మెక్సికోది.

ఇంకో సంగతి. ఆమెను వద్దన్నది అమెరికాయే. రైల్వే కార్మికుల సమ్మె రోజుల్లో మెక్సికోలో ఆమెను అరెస్టు చేశారు. తర్వాత అమెరికా ప్రభుత్వం ‘అవాంఛనీయ విదేశీయురాలు’ అని ముద్ర వేసి వీసా ఆపేసింది. 1970లో ఇలినాయ్‌లో నల్లజాతి కళ మీద సదస్సు జరిగితే ఫోన్‌లో మాట్లాడాల్సి వచ్చింది. 1971లో న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేటగా పేరున్న హార్లెమ్‌లోని స్టూడియో మ్యూజియంలో తన ప్రదర్శనకి కూడా, జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తేనే అనుమతి దొరికింది. పుట్టిన దేశం ఇన్నేళ్లు తలుపేసి, ఇప్పుడు ‘మా కళాకారిణి’ అంటుంటే నాకు కష్టంగానే ఉంటుంది.

మూడో జవాబు:
2002లో అమెరికా పౌరసత్వం మళ్లీ ఇచ్చారు కదా. రెండు దేశాలదీ అంటే సరిపోతుంది.

నాలుగో జవాబు:
కాగితం మీద సరిపోతుందేమో. కానీ మీరంతా ఆమె బొమ్మల దగ్గరే ఆగిపోయారు, పాఠాలు వదిలేశారు. టీచర్‌గా ఆమె మొండితనం అమెరికాలోనే మొదలైంది. న్యూ ఆర్లియన్స్‌లో డిల్లార్డ్ యూనివర్సిటీలో పనిచేస్తున్నప్పుడు అక్కడి డెల్గాడో మ్యూజియానికి పికాసో ప్రదర్శన వచ్చింది. మ్యూజియం ఉన్న పార్కులోకి నల్లవాళ్లకు ప్రవేశం లేదు. పార్కులో అడుగుపెట్టకుండా పిల్లల్ని బస్సులో నేరుగా మ్యూజియం గుమ్మం దగ్గరే దింపించి చూపించింది. తర్వాత హార్లెమ్‌లో కార్వర్ స్కూల్‌లో పగలంతా పనిచేసి వచ్చే ఆడవాళ్లకి శిల్పంతో పాటు బట్టలు కుట్టడం కూడా నేర్పింది.

ఆ అనుభవమంతా ఆమె మెక్సికోకి తీసుకెళ్లింది. 1950ల చివర్లో అక్కడి జాతీయ విశ్వవిద్యాలయంలో శిల్పం బోధించిన మొదటి మహిళగా చేరి, ఆ విభాగానికే అధిపతై, 1975లో రిటైరయ్యే దాకా పాఠాలు చెప్పింది. మట్టి, చెక్క, రాయి ఎలా పట్టుకోవాలో ఆమె దగ్గర నేర్చుకున్నది మెక్సికో కుర్రవాళ్లు. అమెరికా మ్యూజియంలు ఆమె ప్రింట్లు కొని గోడలకు పెట్టుకోగలవు. ఆ తరగతి గదులు మాత్రం మెక్సికోవే. అందుకే నా ఓటు చర్చ మొదలుపెట్టినవారికే.