మాతృక, రీమేక్ పోల్చేటప్పుడు పాటల నిడివిని ఎలా లెక్కించాలి?

మలయాళ ‘దృశ్యం’ (2013), తెలుగు ‘దృశ్యం’ (2014) సినిమాలను సీన్ల వారీగా పోలుస్తున్నాను. ప్రతి సీను మొదలయ్యే సమయాన్ని మొత్తం నిడివిలో శాతంగా రాస్తున్నా. నిమిషాల్లో పోలిస్తే ఏమీ తేలదు.

ఫ్రేమ్ రేటు సంగతి చూసుకున్నాను, దాని గురించి చెప్పక్కర్లేదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25తో నడిపే డీవీడీలో ఒక్క సీనూ కత్తిరించకుండానే 160 నిమిషాలు 153.6 అయిపోతాయి.

అసలు చిక్కు పాటలతో. రీమేక్‌లో మొదట్లోనే ఒక పాట అదనంగా వస్తే ఆ తర్వాతి సీన్లన్నీ ఆలస్యమైనట్టు కనిపిస్తాయి, కథ నడక మారకపోయినా. పోనీ పాటలు తీసేద్దామంటే, మాంటేజ్ పాటలో కథ కూడా నడుస్తుంది కదా! అలాంటిదాన్ని సగం లెక్కేయాలా, పూర్తిగానా? మీరేం చేస్తారు?

ఇంకొకటి. షాట్ల సగటు నిడివి కోసం పైసీన్‌డిటెక్ట్ (వీడియోలో కట్‌లను దానంతటదే పట్టే సాఫ్ట్‌వేర్) వాడుతున్నా. థ్రెషోల్డ్ (ఫ్రేముల మధ్య ఎంత తేడా ఉంటే కట్ అనుకోవాలో చెప్పే హద్దు) 27 దగ్గర మెరుపుల్ని కట్‌లుగా పట్టేస్తోంది, డిసాల్వ్‌లను (ఒక షాట్ మెల్లగా ఇంకోదానిలో కలిసిపోయే చోట్లను) వదిలేస్తోంది. తగ్గిస్తే కెమెరా వేగంగా తిరిగిన ప్రతిచోటా కట్ చూపిస్తోంది. రెండు సినిమాలకూ ఒకే సెట్టింగ్ ఉంచాలా, లేక దేనికది మార్చి చేత్తో సరిచూసుకోవాలా?