చేతి మిషన్ ఐస్‌క్రీంలో వెన్న తేలుతోంది, ఏం చేయాలి?

మాది మిర్యాలగూడ. చేత్తో తిప్పే బకెట్ మిషన్‌లో ఇంటిల్లిపాదీ వంతులేసుకుని మామిడిపండు ఐస్‌క్రీం చేస్తున్నాం. గడ్డకట్టడంలో ఇబ్బంది లేదు, అరగంటకల్లా గట్టిపడుతోంది. కానీ 15 నిమిషాలు తిప్పేసరికి సన్న రవ్వలా వెన్న పూసలు తేలుతున్నాయి. తింటే అంగిట్లో జిడ్డుగా అంటుకుంటోంది.

లీటరు బర్రె పాలు (ఇంటికి తెచ్చి పోసేవి) ముప్పావు లీటరు అయ్యేదాకా మరిగించి, 150 గ్రాముల చక్కెర, 200 గ్రాముల మీగడ, ఒక గ్లాసు బంగినపల్లి గుజ్జు కలుపుతున్నాం. డబ్బా చుట్టూ 4 కిలోల ఐసు, కిలో రాళ్ల ఉప్పు. సాయంత్రం 5కి మొదలుపెడతాం, పిల్లలు అప్పటిదాకా ఆగడమే గొప్ప. వాళ్ల వంతు వస్తే మాత్రం గిరగిరా తిప్పేస్తారు.

మీగడ మానేస్తే పూసలు తగ్గాయి, కానీ ఐసు పలుకులు పంటికి తగులుతున్నాయి. పాలు రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి వాడినా తేడా లేదు. మీగడను ముందే మిక్సీలో కొడితే ఇంకా ఘోరం. హోమోజినైజ్ చేసిన (కొవ్వును సన్న బిందువులుగా చేసి, మీగడ విడిపోకుండా చేసిన) ప్యాకెట్ పాలతో ఈ గొడవ లేదు గానీ, ఆ రుచి మా అత్తమ్మకు పడదు. నిజం చెప్పాలంటే నాకూ పడదు.

బర్రె పాలు, మీగడ రెండూ ఉంచి వెన్న తేలకుండా చేసినవాళ్లు ఉంటే, మీరు మార్చింది తిప్పే వేగమా, లేక పాలల్లో ఇంకేమైనా కలిపారా?