కాంతిని మించిన ఓడ ఉంటే సమానమైపోతామా?

గౌతమి గట్టు (ధవళేశ్వరం): మా మేనల్లుడు కాలేజీ మ్యాగజైన్‌కి కథ రాశాడండీ. కాంతి కంటే వేగంగా పోయే మొదటి నౌక తయారవుతుంది, తొలి ప్రయాణంలోనే గ్రహాంతరవాసులు ఎదురొస్తారు. "మిమ్మల్ని ఎప్పట్నుంచో చూస్తున్నాం. సొంత నౌకలో వచ్చినవాళ్లతోనే మాట్లాడతాం, అది మా నియమం" అంటారు. కథ బాగుంది గానీ ఆ నియమమే నాకు మింగుడుపడలేదు. మీరేమంటారు?

వశిష్ఠ రేవు (నరసాపురం): నియమం సబబేనండీ. ఓడ ఉన్నవాడిదే పైచేయి. డచ్చివాళ్లు పాలకొల్లు వచ్చారు, మనం ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లామా? అక్కడే తేలిపోయింది.

లంక కొబ్బరి (అమలాపురం): రేవు గారూ, నరసాపురంలో ఉండి మీరే ఈ మాటంటే ఎలాగండీ! మీ దగ్గర 17వ శతాబ్దంలోనే ఓడలు కట్టేవారు. యూరప్ కంపెనీలవాళ్లు కూడా అక్కడే కట్టించుకున్నారు. కలప కోసింది మనవాళ్లే, మేకు కొట్టింది మనవాళ్లే. ఏం ఒరిగింది? పక్కనున్న మాధవాయిపాలెం పేరు నేతబట్టకి పెట్టి 'మాదాపొల్లం' అని యూరప్‌లో అమ్ముకున్నారు. ఊరి పేరు ఓడెక్కింది, ఊరు రేవులోనే ఉండిపోయింది.

పోనీ వెళ్లినవాళ్ల సంగతి చూద్దాం. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లని 'కోరంగీలు' అనేవారు. అదేమీ గౌరవంగా పిలిచిన పిలుపు కాదు. సముద్రం దాటి వెళ్లినా కూలీగానే చూశారు కదండీ.

యానాం వంతెన: ముందు నౌక సంగతి చూడండి బాబూ. నాసా పంపిన వాయేజర్-1 అంతరిక్ష నౌక సెకనుకి దాదాపు 17 కి.మీ. పోతోంది. ఆ వేగంతో 4.24 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా సెంటారీ (సూర్యుడి తర్వాత మనకి దగ్గరి నక్షత్రం) అంత దూరం పోవాలంటే 70 వేల ఏళ్లు దాటుతుంది. కాంతిని దాటాలంటే 1994లో అల్కుబియెర్రె అనే భౌతిక శాస్త్రవేత్త వేసిన లెక్క ఒకటుంది: నౌక ఈదదు, దాని చుట్టూ ఉన్న చోటే ముందు ముడుచుకుని వెనక సాగుతుంది. కాలవలో కొట్టుకుపోయే గుర్రపుడెక్క మీద కప్ప కూర్చున్నట్టు. కానీ దానికి నెగటివ్ ఎనర్జీ, అంటే సున్నా కంటే తక్కువ శక్తి, కావాలి, అంత ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ తెలీదు.

ఇంకోటి, 1977లో వాయేజర్‌లో పంపిన రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, తెలుగు కూడా ఉంది. నౌకలో మనిషి లేకుండానే మనం పలకరించేశాం. బదులివ్వడానికి వాళ్లకి నియమం అడ్డమొచ్చిందంటే అది పొగరే.

వశిష్ఠ రేవు: కొబ్బరి గారూ, కోరంగీలు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లారు, ఓడ వాళ్లది కాదు. నరసాపురంలో కట్టినవాడూ ఓడ అమ్ముకున్నాడు తప్ప నడపలేదు. మీరు చెప్పినవన్నీ నా వైపే సాక్ష్యం!

లంక కొబ్బరి: అయితే ఆ కథలో నౌక ఎవరిదో చెప్పండి. కట్టినవాళ్లదా, డబ్బు పెట్టినవాళ్లదా? గ్రహాంతరవాసులు ఎవరితో మాట్లాడతారు?

గౌతమి గట్టు: ఇది వాణ్ణి అడిగానండీ. ఆ సంగతే ఆలోచించలేదట. సోమవారం లోపు ఇచ్చేయాలని టెన్షన్ పడుతున్నాడు. నియమం అలాగే ఉంచి ఒక గ్రహాంతర వడ్రంగిని పెట్టమన్నాను. కెప్టెన్ చెయ్యి చాపితే పట్టించుకోడు, నౌక గోడ మీద అతుకులు తడిమి చూసి, "ఇది ఎవరు వేశారు?" అంటాడు.

వశిష్ఠ రేవు: ఆ వడ్రంగిని మాత్రం నరసాపురం పంపించండి.