ఇంటర్ సీఈసీ తర్వాత బీఏలో రాజనీతి శాస్త్రం: ముందు ఏ దారులు ఉంటాయి?

ప్రశ్న (దేవరకొండ నుంచి ఒక తండ్రి):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది సీఈసీతో (పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, కామర్స్) ఇంటర్ పూర్తి చేసింది. డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల కోసం దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకోవలసిన సమయం వచ్చింది. బీఏలో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం తీసుకుంటానని తను పట్టుదలగా ఉంది. బంధువులు మాత్రం బీకాం కంప్యూటర్స్‌లో చేర్పించమని, రాజనీతి చదివితే నాయకుల వెంట తిరగడం తప్ప ఏమీ మిగలదని అంటున్నారు. మాది బత్తాయి తోట మీద బతికే కుటుంబం. డిగ్రీ తర్వాత మరో రెండు మూడేళ్లు చదివించగలను, అంతకు మించి నా వల్ల కాదు. తను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనే చదివింది. ఈ చదువు ఎక్కడికి చేరుస్తుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (పౌరశాస్త్రం అధ్యాపకుడు, నల్లగొండ):

ముందుగా మీ బంధువుల మాట గురించి చెబుతాను. 1996లో మన నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్నా తమ గోడు ఎవరూ వినడం లేదన్న బాధతో ఎందరో నామినేషన్లు వేశారు. అదే ఏడాది లోక్‌సభ ఎన్నికల ధరావతును (డిపాజిట్‌ను) సాధారణ అభ్యర్థులకు 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. తాగునీటి కోసం మామూలు రైతులు నామినేషన్ పత్రాన్ని అర్జీగా ఎందుకు మార్చుకోవలసి వచ్చిందో, ధరావతు పెరిగాక ఆ అవకాశం ఎవరికి దూరమైందో ఆరా తీయడమే రాజనీతి శాస్త్రం పని. నాయకుల వెంట తిరగడానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక ఉద్యోగాల సంగతి. ఎంఏలో కనీసం 50 శాతం మార్కులు ఉంటే ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ పోస్టుకు దరఖాస్తు చేయవచ్చు. ఇంటర్‌లో ఈ సబ్జెక్టును పౌరశాస్త్రం అంటాం. డిగ్రీ కళాశాలలో బోధించాలంటే నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) గానీ, పీహెచ్‌డీ గానీ కావాలి. నెట్‌లో ఈ సబ్జెక్టు ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది కాబట్టి, తెలుగులో పాఠం చదివిన రోజే అదే అంశాన్ని ఇంగ్లీషులో రెండు పేజీలైనా చదివే అలవాటు మొదటి సంవత్సరం నుంచే చేయించండి. మా విద్యార్థుల్లో చాలామంది వెనకబడేది తెలివి తక్కువై కాదు, ఈ ఒక్క సాధన లేకనే. బీఏ తర్వాత బీఈడీ చేసి, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) రాసి, సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయురాలు కావడం మీరు చెప్పిన గడువులో సరిపోయే దారి.

జవాబు 2 (న్యాయవాది, మహబూబ్‌నగర్):

అన్నగారూ, నేనూ బీఏలో ఇదే సబ్జెక్టు చదివి, లాసెట్ (న్యాయవిద్య ప్రవేశ పరీక్ష) రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేశాను. సర్పంచును సస్పెండ్ చేసిన కేసు చేతికి వచ్చినప్పుడు 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కలెక్టరుకు ఇచ్చిన అధికారాలను, 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ఆశించిన స్వపరిపాలనను పక్కపక్కన పెట్టి చదవగలుగుతున్నానంటే, అది డిగ్రీ తరగతిలో పడిన పునాదే. ఆడపిల్లకు కోర్టు ఎందుకని మా ఇంట్లో కూడా అన్నారు. ఆ మాట మీరు అననందుకు సంతోషం. అయితే ప్రాక్టీసులో నిలదొక్కుకోవడానికి ఎల్ఎల్‌బీ తర్వాత కూడా కొన్నేళ్లు పడుతుందని గుర్తుంచుకోండి.

జవాబు 3 (పోటీ పరీక్షల అభ్యర్థి, కల్వకుర్తి):

గ్రూప్-1 మెయిన్స్‌లో భారత సమాజం, రాజ్యాంగం, పాలనకు 150 మార్కుల పేపరు ఉంది, దానిని తెలుగులోనే రాయవచ్చు. సివిల్స్ మెయిన్స్‌లో ఈ సబ్జెక్టును 500 మార్కుల ఆప్షనల్‌గా ఎంచుకోవచ్చు. అయినా గ్రూప్స్ ఒక్కదాన్నే నమ్ముకుని బీఏలో చేర్పించవద్దని నా విన్నపం. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో వచ్చింది. అది రద్దయి, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ ఇచ్చారు. అన్నేళ్లు హైదరాబాద్‌లో కోచింగ్ కేంద్రాలుండే అశోక్‌నగర్‌లో గది అద్దె కట్టలేక ఇంటికి తిరిగి వచ్చినవారిలో నేనూ ఒకడిని. చెల్లెలిని ముందు బీఈడీ గానీ, ఎల్ఎల్‌బీ గానీ చేయనివ్వండి, గ్రూప్స్ చదువు దానితో పాటే సాగుతుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. 1996 ఎన్నికల్లో బ్యాలట్ పుస్తకమంత ఉండేదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. బీఏకే ఆప్షన్ పెడుతున్నాం, బీఈడీనా, ఎల్ఎల్‌బీనా అన్నది తర్వాత తనే తేల్చుకుంటుంది. పంచాయతీరాజ్ చట్టం తెలుగు ప్రతి ఎక్కడ దొరుకుతుందో మహబూబ్‌నగర్ న్యాయవాది గారు చెబితే, కళాశాల తెరిచేలోపే చదవడం మొదలుపెడతానంటోంది.